బొమ్మరిల్లు కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో, చేతిపనులు నేర్పే ఒక సభ్యురాలి ప్రసంగం)



ఐస్‌క్రీమ్ పుల్లలతో చిన్న ఇల్లు ఎలా చేయాలో చెప్పమని నన్ను పిలిచారు. పావుగంట ఇచ్చారు. ముందుగా ఒక మాట. దీన్ని దయచేసి "చిన్నిల్లు" అనకండి. మొన్న మా గ్రామ సంఘం మీటింగులో ఒక చెల్లి "మేం చిన్నిల్లు పెడతాం, అప్పు ఇవ్వండి" అని లేచి నిలబడితే మినిట్స్ రాసే అమ్మాయి పెన్ను కింద పడేసి నవ్వింది. మనకు చక్కని మాట ఉంది కదా, బొమ్మరిల్లు. అదే అందాం.

ఇది ఇప్పుడు ఎందుకు చెప్పాల్సి వచ్చిందో కూడా చెప్తాను. ఈమధ్య మన సంఘాలు కొన్నింటి దగ్గరికి మైదానం నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. పేరు చెప్పను, అవసరం లేదు. పుల్లలు ఇస్తాడట, జిగురు ఇస్తాడట, రెండు రోజులు నేర్పిస్తాడట. మనం ఇల్లు చేసి ఇస్తే ఒక్కోదానికి 90 రూపాయలు ఇచ్చి తీసుకుపోతాడట. అందుకు సంఘానికి 5,000 డిపాజిట్ కట్టాలి. డబ్బు లేకపోతే బ్యాంకు లింకేజి అప్పులోంచి కట్టొచ్చని కూడా ఆయనే దారి చూపించాడు. మూడు సంఘాలు తీర్మానం రాసేదాకా వచ్చాయి. సంతకాలు ఇంకా పడలేదు. అందుకే ఈ పావుగంట.

ముందు పని చూద్దాం. పని తెలిస్తేనే లెక్క తెలుస్తుంది.

దుకాణంలో దొరికే మామూలు పుల్ల నాలుగున్నర అంగుళాల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు. ఎక్కువగా బర్చ్ అనే చలిదేశాల చెట్టు కర్రతో చేస్తారు. పుల్ల మీద ఐస్ గడ్డకట్టించడం 1905లో అమెరికాలో పదకొండేళ్ల పిల్లవాడికి దొరికిన ఉపాయమని చెప్తారు. ఫ్రాంక్ ఎపర్సన్ అట. తియ్యటి నీళ్లలో కలిపే పుల్ల రాత్రి బయట మర్చిపోతే తెల్లారేసరికి గడ్డకట్టిందట. పెద్దయ్యాక 1924లో దానికి పేటెంటు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఐస్ లేకుండా పుల్లలే ప్యాకెట్లలో వస్తున్నాయి.

పదకొండు పుల్లలు పక్కపక్కన నిలువుగా పేర్చండి. ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానంగా ఒక గోడ వస్తుంది. వెనకవైపు అడ్డంగా మూడు పుల్లలు ఫెవికాల్‌తో అంటించండి. అంటే గోడకి 14, నాలుగు గోడలకి 56. ముందూ వెనకా పైకప్పు కింద వచ్చే ముక్కోణాలకి ఒక 16. కప్పు రెండు వాలులకి 32. మొత్తం 104. పగిలేవి, తలుపూ కిటికీ రెక్కలూ కలుపుకుని 120 దగ్గర పెట్టుకోవాలి.

పుల్లని ఎండుగా కోస్తే నిలువునా చీలుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి కత్తెరతో కోయండి, లేదా బ్లేడుతో రెండు వైపులా గీత పెట్టి విరవండి. కోశాక బాగా ఆరనివ్వాలి, తడి మీద అంటిస్తే ఆరాక వంకర తిరుగుతుంది. కిటికీ కావాలంటే గోడ అంటించాక కోయకండి, అంటించే ముందే ఆ చోట పొట్టి ముక్కలు పేర్చుకోండి. ఫెవికాల్ పెట్టాక బట్టల క్లిప్పులు పెట్టి అరగంట కదపకూడదు. పూర్తి గట్టిదనం రావడానికి ఒక రాత్రి పడుతుంది. గ్లూ గన్ తొందరగా పట్టేస్తుంది, నిజమే. కానీ దాని జిగురు వేడికి మెత్తబడుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టిన ఇల్లు సాయంత్రానికి కప్పు జారి కూర్చుంటుంది.

ఇంతే పని. ఎనిమిదో తరగతి పిల్ల రెండు మధ్యాహ్నాల్లో నేర్చుకుంటుంది. నేను సెలవుల్లో పిల్లలకి నేర్పుతాను, వాళ్లకి బాగుంటుంది, చెయ్యి కుదురుతుంది, కొలత తెలుస్తుంది. పుల్లల ఇంటి మీద నాకు కోపం లేదు.

ఇక లెక్క. చెయ్యి తిరిగినవాళ్లకి కూడా ఒక ఇల్లు నాలుగున్నర గంటల పని. 90 రూపాయలని నాలుగున్నరతో భాగించండి, గంటకి 20. ఎనిమిది గంటలు వంచిన నడుం ఎత్తకుండా చేస్తే 160. 2025-26 సంవత్సరంలో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 ఉండేది. మట్టి పనిలో వచ్చేదానికి దాదాపు సగం.

"ఇంట్లో కూర్చుని చేసే పనే కదా, ఖాళీ టైమే కదా" అంటారు కొందరు. అక్కా, మనకి ఖాళీ టైము ఎప్పుడుంది? అడ్డాకులు కుట్టేది ఆ టైములోనే. చింతపండు గింజ తీసేది ఆ టైములోనే. కొండచీపుర్లు కట్టలు కట్టేదీ ఆ టైములోనే. ఒక పని పక్కన పెడితేనే ఇంకో పనికి చోటు.

డిపాజిట్ సంగతి ఇంకా చూడాలి. 5,000 ని 90 తో భాగిస్తే 56 ఇళ్లు. అంటే మన డబ్బు మన చేతికి తిరిగి రావడానికే 56 ఇళ్లు ఊరికే చేయాలి, ఒక్క రూపాయి కూలి లేకుండా. అదీ 56 కి 56 ఆయన తీసుకుంటేనే. "ఫినిషింగ్ బాలేదు" అని పది పక్కన పెడితే ఎవరిని అడుగుతాం? కాగితంలో ఎన్ని తీసుకుంటాడో రాయలేదు, ఏది బాగున్నట్టో ఏది బాలేనట్టో రాయలేదు, డిపాజిట్ ఎప్పుడు తిరిగి ఇస్తాడో రాయలేదు. నేను చూశాను ఆ కాగితం. మన వాయిదా మాత్రం నెల తిరిగేసరికి కట్టాలి, బ్యాంకు ఫినిషింగ్ చూడదు.

సరే, వద్దు అని ఊరుకుంటే సరిపోదు. చేతిలో పని కావాలి అన్న ఆశతోనే కదా ఆ మూడు సంఘాలూ ముందుకు వచ్చాయి. వాళ్లని తప్పు పట్టను. కాబట్టి రెండో మాట.

ఆయన చూపించిన నమూనా ఇల్లు మీలో కొందరు చూశారు. కప్పు మీద పొగగొట్టం ఉంది, ముందు తెల్ల కంచె ఉంది. మన మండలంలో పొగగొట్టం ఉన్న ఇల్లు ఎవరిది? అలాంటి ఇల్లు రాజమండ్రిలో పిల్లవాడైనా చేస్తాడు, హైదరాబాదులో పిల్లవాడైనా చేస్తాడు. ప్యాకెట్ కొనుక్కుని ఫోనులో చూసి చేసుకునేదాన్ని మన దగ్గర ఎందుకు కొంటారు? మనకి తెలిసి వాళ్లకి తెలియంది ఒకటి ఉంది. కొండ ఇల్లు ఎలా నిలబడుతుందో మనకి తెలుసు.

అదీ ఎంతకాలం తెలుస్తుందో చెప్పలేం. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో కొండరెడ్ల లాంటి ఆదిమ తెగలకి పక్కా ఇళ్లు ఇస్తున్నారు. మిగతావాళ్లం కూడా రేకులు, స్లాబులు వేసుకుంటున్నాం. మంచిదే, వానాకాలం గడ్డి కప్పు కింద గిన్నెలు పెట్టుకుని కూర్చున్నవాళ్లకే తెలుసు స్లాబు విలువ. పాత ఇల్లే గొప్ప అని నేను అనను. కానీ మా మనవరాలికి అటక అంటే ఏంటో తెలియదు. పొయ్యి పైన అటక ఎందుకుంటుందో, విత్తనాల జొన్న కంకులు అక్కడే ఎందుకు పెడతారో, పొగ తగిలితే పురుగు ఎందుకు పట్టదో మాటల్లో చెప్తే దాని తలకి ఎక్కలేదు. బొమ్మరిల్లు కప్పు ఎత్తి చూపిస్తే ఎక్కింది.

ఆ ఇల్లు ఎలా చేశానో చెప్తాను. కొలతకి టేపు అక్కర్లేదు. మూరకి అంగుళం. మూర అంటే అంగుళాల్లో 18 కదా, కాబట్టి అసలు ఇంటికి బొమ్మరిల్లు పద్దెనిమిదో వంతు. పది మూరల పొడవు, ఏడు మూరల వెడల్పు ఉన్న ఇల్లు పది అంగుళాలు, ఏడు అంగుళాలు అవుతుంది. మనిషి ఎవరి చేత్తో వాళ్లు మూడున్నర మూరలు అంటారు పెద్దలు. కాబట్టి మూడున్నర అంగుళాల మనిషి బొమ్మ ఒకటి కాగితం మీద కోసి దగ్గర పెట్టుకోండి. చూరు మూడు అంగుళాల ఎత్తులో రావాలి. అంటే ఆ బొమ్మ మనిషి తల వంచి లోపలికి పోవాలి. వంచక్కర్లేకుండా పోతుందంటే అది మన ఇల్లు కాదు. కొండగాలి, ఏటవాలు వాన గోడకి తగలకూడదనే చూరు కిందికి దించారు మనవాళ్లు.

అడుగున ప్లైవుడ్ ముక్క, ఇంటి కంటే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ. అరుగుకి చోటు కావాలిగా. నిట్రాటలకి సహజంగా పంగ ఉన్న పుల్లలు ఏరుకోండి, కంచె దగ్గర బోలెడు దొరుకుతాయి. పంగలో కొప్పు దూలం కూర్చోబెట్టండి. జిగురు పెట్టకముందు కూర్చుందా లేదా చూడండి. అసలు ఇంట్లో జిగురు లేదు కదా, బరువే పట్టి ఉంచుతుంది. వాసాలు వెదురు బద్దలతో. వాటి మీద అడ్డ బద్దలు దారంతో కట్టాలి. పెద్ద ఇంటికి అడ్డనారతో కట్టేవాళ్లం. ఆ నారనే సన్నగా చీల్చి వాడితే చూసినవాళ్లు వేలు పెట్టి తడుముతారు. ఇక్కడ తొందరపడకండి. ఐదు గంటల్లో రెండు గంటలు ఈ కట్లకే పోతాయి, ఇల్లు నిలబడేదీ వీటి మీదే.

గోడకి చిన్న తడిక అల్లండి. అగ్గిపుల్ల కంటే సన్నగా బద్ద చీరాలి, చేతికి గుడ్డ చుట్టుకోండి, వెదురు అంచు బ్లేడు కంటే పదును. ఎర్రమట్టి గుడ్డలో జల్లించి, కాస్త రంపపు పొట్టు, రెండు చెంచాల ఫెవికాల్ కలిపి పల్చగా మెత్తండి. ఒకేసారి మందంగా పెడితే బీటలు వారుతుంది. ఆరాక రెండో పూత. కప్పుకి గడ్డి పెట్టకండి, ఈ కొలతకి గడ్డి పరక వాసం అంత లావుగా కనిపిస్తుంది. కొండచీపురు కొసలు వాడండి. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వరస మీద వరస, పెద్ద ఇంటికి కప్పినట్టే. కప్పు ఎత్తేలా వదిలిపెట్టండి, లోపల అటక, పొయ్యి, తిరగలి కనిపించాలి. తలుపుకీ అటక పలకకీ ఐస్‌క్రీమ్ పుల్లలే పనికొస్తాయి. అక్కడ వాటికి మించింది లేదు.

వెదురు విషయం. మొదటి ఏడాది కొమ్ము కూరకి, మూడేళ్లు దాటింది పనికి. వానాకాలంలో నరికిన దాంట్లో చక్కెర, పిండి ఎక్కువ, పురుగు తొలిచి పిండి రాలుస్తుంది. కొన్నవాళ్ల షోకేసులో రాలితే మళ్లీ మన మొహం చూడరు. చలికాలంలో నరికి, పారే నీళ్లలో రెండు మూడు వారాలు నానేసి, నీడన ఆరబెట్టి చీరండి. ఇక ఎక్కడ నరకాలి? 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్న తరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. సేకరించుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఉన్నాయి. అయినా ఎవరికి వాళ్లు కత్తి పట్టుకుని పోకండి. గ్రామసభలో రాయించి, ఆ కాగితం నకలు సంఘం ఫైల్లో పెట్టండి.

మన పక్క ఊళ్లని చూడండి. ఏటికొప్పాక వాళ్లు అంకుడు కర్రకి లక్క పూసి బొమ్మలు చేస్తారు. మన చిన్నప్పటి లక్కపిడతలు అవే. 2017లో వాళ్లకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినం నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఆ బొమ్మలదే. కొండపల్లి వాళ్లు తెల్లపొణికి కర్రతో ఎడ్లబండి, తాటిచెట్టు, ఊరు మొత్తం చేస్తారు. అతుకులకి చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. చింతగింజలు! మనం పుట్లకొద్దీ పారబోసేవి. ఈ రెండు ఊళ్లూ పక్కవాళ్ల బొమ్మ చేయలేదు, తమ చెట్టుతో తమ బొమ్మ చేశారు. నా బొమ్మరిల్లులో పొయ్యి మీద కుండ మాత్రం ఏటికొప్పాకదే, అంత చిన్న కుండ నా చేత కాలేదు.

ఇప్పుడు ధర. లెక్క కోసం అనుకుందాం: వెదురు, చీపురు 15, అడుగు పలక 20, జిగురు, దారం 15, అట్టపెట్టె 30. సామానుకి 80. ఐదు గంటల పని, గంటకి 307 లో ఎనిమిదో వంతు, అంటే 38 చిల్లర, ఐదు గంటలకి 192. రెండూ కలిపి 272. దారిలో విరిగేవి, బస్సు చార్జీ, స్టాలు ఖర్చు అని ఐదో వంతు కలపండి, 54. మొత్తం 326. 330 కి తక్కువకి అమ్మితే కొన్నవాళ్లకి మనం ఎదురు ఇచ్చినట్టే. బేరం ఆడతారు. ఆడనివ్వండి. కప్పు ఎత్తి లోపల చూపించండి, తర్వాత కూడా 200 కి అడిగితే కప్పు మూసేయండి.

330 పెట్టి ఎవరు కొంటారు అంటే, అందరూ కొనరు. నిజం చెప్పాలి కదా. మారేడుమిల్లికి బొంగు చికెన్ తినడానికి వచ్చేవాళ్లు కొందరు కొంటారు. సంక్రాంతికి, దసరాకి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లవాళ్లు కొంటారు, అది ముందే, రెండు నెలల ముందే తయారుగా ఉండాలి. డ్వాక్రా బజారు, సరస్ మేళాలు ఉన్నాయి. బడి వాళ్లు అడుగుతారు. ఒక మాస్టారు 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం మన రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ మీద పడిన ఘట్టం చేసిపెట్టమన్నారు, పిల్లల ప్రదర్శనకి. అలాంటివి మనల్ని కాక ఎవరిని అడుగుతారు? అన్నీ కలిపినా ఇది మండలం అంతా చేసే పని కాదు. పది పన్నెండు మందికి పక్క ఆదాయం. మూడు వందల మంది చేస్తే ఇళ్లు మన ఇళ్లల్లోనే పేరుకుపోతాయి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటబొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తాము చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. అందుకు పహచాన్ కార్డు తీసుకోవాలి. అది చేతికి వచ్చేదాకా మన బొమ్మరిల్లుని పిల్లల ఆటవస్తువు అని అమ్మకండి, ఇంట్లో పెట్టుకునే అలంకరణ వస్తువు అని పెట్టె మీద రాయండి. ఎలాగూ సన్న బద్దలు, చిన్న కుండలు ఉన్నది మూడేళ్ల పిల్ల చేతికి ఇవ్వకూడదు.

సమాఖ్య ముందు నేను పెడుతున్నవి ఇవి. ఆ 5,000 డిపాజిట్ ఏ సంఘమూ అప్పులోంచి కట్టకూడదని ఈ రోజే తీర్మానం రాయండి. ఆ వ్యాపారికి తలుపు మూయమనడం లేదు. డిపాజిట్ లేకుండా, ఎన్ని కావాలో కాగితం మీద రాసి, సగం డబ్బు ముందు ఇస్తే, 90 కాదు, పుల్లలు ఆయనవే అయినా కూలే 173 అవుతుంది, ఆ ధరకి చేసి పెడదాం. నాలుగున్నర గంటలకి 38 చిల్లర చొప్పున, మీరే గుణించుకోండి. ఒప్పుకుంటాడని నేను అనుకోను. రెండోది, కొండ ఇంటి నమూనాలు మొదట ఇరవై మాత్రమే చేద్దాం. అప్పు వద్దు, సామానుకి 1,600 చాలు, అది సమాఖ్య సాధారణ నిధి నుంచి ఇవ్వమని అడుగుతున్నాను. ఎన్ని అమ్ముడుపోయాయో, ఎంతకి పోయాయో మూడు నెలల తర్వాత ఇదే హాల్లో పుస్తకం తెరిచి చదువుతాను. అప్పుడు ఇంకో ఇరవై చేయాలో మానాలో మీరు చెప్పండి.

నేర్చుకోవాలి అనుకునేవాళ్లు యానిమేటర్ దగ్గర పేరు రాయించండి. కత్తి మీదే తెచ్చుకోండి, అలవాటైన కత్తయితేనే బద్ద సన్నగా వస్తుంది. ఇంట్లో పాత ఇల్లు కట్టిన తాతో, మామ్మో ఉంటే వాళ్లనీ తీసుకురండి. వాసాల కట్టు ముడి మా ఊళ్లో ఒక రకం, ఏరు అవతల ఇంకో రకం. కొండదొరల ఇల్లు, కొండరెడ్ల ఇల్లు, కోయల ఇల్లు ఒకటి కాదు. అరుగు ఎటు ఉంటుంది, పొయ్యి ఎటు ఉంటుంది అన్నది వాళ్లు చెప్తేనే నాకూ తెలుస్తుంది.

నమూనా అక్కడ తలుపు పక్క బల్ల మీద పెట్టాను. భోజనాలయ్యాక చూడండి. కప్పు రెండు చేతులతో ఎత్తాలి, చూరు పట్టుకుని లాగకండి.